మాత్రలు మింగినవాడే తోడొస్తే: గుంటూరు టీబీ తోడు సేవ మీద నా రివ్యూ

గుంటూరులో టీబీ మందులు వాడేవాళ్లకి, ఇంతకుముందు అదే జబ్బు వచ్చి నయమైనవాళ్లు తోడుండే ఏర్పాటు ఒకటి ఉంది. సర్కారు లెక్కల్లో వీళ్ల పేరు టీబీ ఛాంపియన్లు. మా పేటలో ఈ మందులు వాడేవాళ్లకి ఆ పేరు చెబితే తెలియదు, ఆటో తోలుకుంటూ ఈ పని చేసే ఆటో అన్న అంటే తెలుస్తుంది. పైసా కట్టనక్కర్లేదు. బహుశా అందుకే దీని మీద ఎవరూ రివ్యూ రాయరు. సాంబారు పల్చగా ఉందని, ఆర్డరు అరగంట లేటయిందని పేరాలు పేరాలు రాస్తాం గానీ, ఆరు నెలలు రోజూ మాత్రలు మింగాల్సిన మనిషి ఇంట్లో ఉంటే ఏది అక్కరకొస్తుందో నేను వెతికినప్పుడు ఒక్క ముక్క దొరకలేదు. నేనిచ్చేది ఐదుకి మూడున్నర. ఆటో అన్నకి విడిగా ఇవ్వమంటే ఐదుకి ఐదూ ఇస్తాను. మార్కులు పోయింది మిగతా ఏర్పాటు దగ్గర.

నాది సంగడిగుంటలో చిన్న లేడీస్ టైలరింగ్ షాపు. జబ్బు వచ్చింది మా తమ్ముడికి. మిర్చి యార్డులో ముఠా పని, అంటే బస్తాలు మోసే కూలీల జట్టులో పని, పెళ్లి కాలేదు, ఉండేది మా ఇంట్లోనే. యార్డులో పనిచేసేవాడు దగ్గుతుంటే గుంటూరులో ఎవరూ పట్టించుకోరు. గేటు దాటి లోపలికి అడుగుపెడితే కొత్తవాళ్లకి తుమ్ములు ఆగవు, కళ్ల వెంట నీళ్లు కారతాయి. అక్కడ పొద్దస్తమానం టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసేవాడు దగ్గితే "మిర్చి కోరు లే" అంటారు. వాడూ అదే అన్నాడు, ముఠా మేస్త్రీ అదే అన్నాడు, మెడికల్ షాపులో సిరప్ ఇచ్చినాయనా అదే అన్నాడు. సాయంత్రాలు జ్వరం, బెల్టుకి కొత్త బెజ్జం పొడవాల్సి రావడం చూసి ఆరోగ్య కేంద్రానికి లాక్కెళ్లాం. అక్కడ గోడ మీదే ఉంది, రెండు వారాలు దాటిన దగ్గుకి గళ్ల పరీక్ష చేయించుకోవాలని. 2024 డిసెంబర్‌లో టీబీ అని తేలింది. మామూలు మందులకి లొంగే రకమే అన్నారు. షుగరుకీ, హెచ్‌ఐవీకీ కూడా పరీక్ష చేశారు, టీబీ వచ్చిన ప్రతి ఒక్కరికీ చేస్తారట, కంగారు పడకండి. వాడి బరువు 47 కిలోలు, దానికి రోజుకి మూడు మాత్రలు. మొదటి రెండు నెలలు ఒక్కో మాత్రలో నాలుగు మందులు, తర్వాతి నాలుగు నెలలు మూడు మందులు. ఎన్ని మాత్రలన్నది బరువుని బట్టి, కాబట్టి పక్కింటాయన నాలుగు వేసుకుంటున్నాడని మీరు వేసుకోకూడదు.

పేరు నిక్షయ్‌లో, అంటే టీబీ పేషెంట్ల సర్కారు ఆన్‌లైన్ రిజిస్టర్లో, ఎక్కించేటప్పుడు టీబీ సూపర్‌వైజర్ ఒక మాట అడిగారు: "మీ పక్క పేటలో ఇదే జబ్బు తగ్గినాయన ఉన్నాడు, ఆయన మీతో మాట్లాడితే మీకేమైనా ఇబ్బందా?" ముందు అడిగారు, అది నాకు నచ్చింది. మా నంబరు తీసుకెళ్లి ఎవరి చేతిలోనో పెట్టేయలేదు. ఆయన కూడా మొదట ఫోన్ చేసి "ఇంటికి రమ్మంటారా, బయటెక్కడన్నా కలుద్దామా" అని అడిగాడు.

ఇది చిన్న విషయం కాదు. ఆశా అమ్మాయి యూనిఫాంలో ఒక ఇంటికి రెండు వారాలు వరసగా వస్తే వీధి చివరి బడ్డీకొట్టు దాకా కబురు పాకుతుంది. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్లు కొలతలకి వచ్చి నా పక్కన నిలబడాలి. ఇంట్లో టీబీ అని తెలిస్తే ఎంతమంది వస్తారు? అదే ఆటో వచ్చి ఆగితే బేరం కోసం వచ్చింది అనుకుంటారు. టీబీ బొమ్మ ఉన్న కోటు ఆటో అన్నకీ ఇచ్చారట, సీటు కింద మడిచి పెట్టేశాడు. మీటింగులప్పుడు ఫొటో తీసేవాళ్లు వస్తే వేసుకుంటాడు.

ఆటో అన్నకి జబ్బు వచ్చింది పాత పద్ధతి రోజుల్లో. అప్పట్లో మందులు రోజూ కాదు, రోజు విడిచి రోజు. కేంద్రంలో మన పేరు రాసిన డబ్బా ఒకటి పెట్టేవాళ్లు, వెళ్లి వాళ్ల ముందు మింగి రావాలి. కొత్త పేషెంట్లకి ఎర్ర డబ్బా. సగంలో మానేసి మళ్లీ జబ్బుతో వచ్చినవాళ్లకి నీలం డబ్బా, ఎనిమిది నెలలు, అందులో మొదటి రెండు నెలలు స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు, మొత్తం 24. అన్నది నీలం డబ్బా. దగ్గు తగ్గగానే మానేసి ఆటో ఎక్కాడు, ఏడాది తిరక్కుండా మళ్లీ పడ్డాడు. ఆ ఇంజెక్షన్ల తర్వాత ఎడమ చెవి మందగించింది. ఆ మందుతో చెవులకి దెబ్బ తగిలే ప్రమాదం ఉందని నర్సింగ్ చదివే మా అమ్మాయి చెప్పింది. నీలం డబ్బా పద్ధతి ఇప్పుడు ఎత్తేశారు, 2017 నుంచి దేశమంతా రోజూ మింగే పద్ధతికి మార్చారు. అన్న ఇదంతా కథలా చెప్పడు. అడిగితే చెబుతాడు, అదీ వెనక నుంచి వచ్చే లారీ హారన్ వినపడక తిట్లు తిన్న సందర్భం వస్తేనే.

మొదటిసారి మా తమ్ముడితో మాట్లాడినప్పుడు ధైర్యంగా ఉండమని ఒక్క ముక్క అనలేదు. "రేపట్నుంచి ఒంటేలు నారింజ రంగులో వస్తుంది, రక్తం అనుకుని భయపడొద్దు" అన్నాడు. చెమట కూడా ఆ రంగే, కన్నీళ్లు కూడా. రిఫాంపిసిన్ అనే మందు రంగు అది. తెల్ల బనీన్లు వేసుకోవద్దన్నాడు. నిజమే, వారం తిరిగేసరికి వాడి చొక్కా కాలర్ల లోపలి అంచు పసుపూ ఎరుపూ కాని మరక పట్టింది. ఎన్ని సబ్బులు మార్చినా పూర్తిగా వదల్లేదు. బట్టల పనిలో ఉన్నదాన్ని కాబట్టి చెబుతున్నా, ఈ ఆరు నెలలూ ముదురు రంగులే మేలు. కీళ్లు లాగుతాయి, పొద్దున్నే వికారం ఉంటుంది, అన్నం చూస్తే వెగటు పుడుతుంది, ఇవన్నీ ముందే చెప్పాడు. తర్వాత వేళ్లు మడిచి మరో నాలుగు చెప్పాడు: కళ్లు పచ్చబడటం, రంగులు తేడాగా కనపడటం, ఒళ్లంతా దద్దుర్లు, దగ్గితే రక్తం పడటం. "ఈ నాలుగిట్లో ఏదొచ్చినా నాకు ఫోన్ చేయొద్దు తమ్ముడూ, నాకేం తెలియదు. సరాసరి డాక్టరు దగ్గరికే." తనకి తెలియనిదేదో తెలిసిన మనిషి కాబట్టి నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

మా అమ్మ వాడికి కంచం, గ్లాసు విడిగా పెట్టింది. కంచాల వల్ల టీబీ రాదమ్మా, కిటికీ తెరిచి పెట్టు, దగ్గేటప్పుడు తువ్వాలు అడ్డం పెట్టుకోమను, మీ ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోండి అన్నాడు. చేయించుకున్నాం. జబ్బు లేదని తేలాక మాకు కూడా ముందుజాగ్రత్త మందు ఇచ్చారు, వారానికోసారి చొప్పున 12 వారాలు. ఇంట్లో ఒకరికి టీబీ వస్తే మిగతావాళ్లకి ఇలాంటిది ఉంటుందని చాలామందికి తెలియదు. మీ దగ్గర ఎవరూ చెప్పకపోతే మీరే అడగండి.

అసలు సంగతి ఫిబ్రవరిలో మొదలైంది. రెండు నెలలు తిరిగేసరికి జ్వరం పోయింది, దగ్గు పోయింది, ఆకలి ఎలా వచ్చిందంటే పొద్దున అరడజను ఇడ్లీలు లాగించి మధ్యాహ్నానికి మళ్లీ పళ్లెం దగ్గర కూర్చునేవాడు. యార్డులో సరిగ్గా అప్పుడే సీజను. ధరలు పడిపోయి రైతులు లబోదిబోమన్న ఏడు అది, అయినా సరుకు వచ్చిపడుతూనే ఉంది, మోసేవాళ్లకి చేతినిండా పని. మే వచ్చిందంటే యార్డుకి వేసవి సెలవులు, ఈ మూడు నెలల సంపాదనే ఏడాదికి ఆధారం. డాక్టరు తేలికపాటి పని చేసుకోవచ్చన్నారు. వాడికి తేలికపాటి పని అంటే నలభై కిలోల టిక్కీ. వద్దంటే వినలేదు.

వాడు మాత్రలు మానేస్తున్నాడని మాకెవరికీ తెలియదు. అట్టలో మాత్రలు లెక్కగానే తగ్గుతున్నాయి, నేను రోజూ చూస్తూనే ఉన్నా. ఆశా అమ్మాయి ఫోన్ చేసి "వేసుకున్నారా?" అంటే "ఆఁ, వేసుకున్నా" అనేవాడు. ఆమె కార్డులో రాసుకునేది. తప్పు ఆమెది కాదు, గర్భిణులు, పసిపిల్లల టీకాలు, సర్వేలు అన్నీ ఆమె నెత్తినే.

ఒక సాయంత్రం ఆటో అన్న షాపు ముందు ఆగాడు. అప్పుడే వాడూ యార్డు నుంచి వచ్చాడు. సీజను గురించి, మేస్త్రీ గురించి, ఏ లైసెన్సుదారు కూలి సరిగ్గా ఇస్తాడన్నదాని గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో అన్న మామూలుగా అడిగాడు: "మధ్యాహ్నం ఒంటేలు ఏ రంగులో వచ్చింది రా?"

వాడు ఆలోచించకుండా "మామూలుగానే" అన్నాడు.

పొద్దున రిఫాంపిసిన్ పడితే మధ్యాహ్నానికి మామూలుగా రాదు. నాకది అప్పుడు వెలగలేదు, వాడికి మాత్రం అన్న మొహం చూడగానే వెలిగింది. తల దించుకున్నాడు. అన్న "మానేశావా?" అని అడగలేదు. "ఎప్పట్నుంచి? నాలుగు రోజులా, వారమా?" అన్నాడు. ఆ రెండు ప్రశ్నలకీ ఎంత తేడా ఉందో నాకు అప్పుడు తెలిసింది. మొదటిదానికి వాడు అబద్ధం చెప్పేవాడు, రోజూ చెబుతున్నాడు కూడా. రెండోదానికి అబద్ధం చెప్పే అవసరం లేకుండా పోయింది. "నాలుగైదు రోజులన్నా" అన్నాడు. మాత్రలు ఎక్కడ పెడుతున్నావంటే లుంగీ మడతలో పెట్టుకెళ్లి యార్డు దగ్గర కాలవలో పడేస్తున్నాడట. "నయం, నేను ఆటో టూల్ బాక్సులో దాచేవాణ్ణి, స్పానర్లకి కూడా టీబీ తగ్గిపోయుంటుంది" అన్నాడు అన్న. వాడు నవ్వాడు. నాకు మాత్రం లాగి ఒక్కటివ్వాలనిపించింది.

తర్వాత అడిగింది ఇంకా ముఖ్యమైనది: ఎందుకు పడేస్తున్నావు? జబ్బు తగ్గిందని నిర్లక్ష్యం అనుకుంటాం కదా మనం. అది కాదు. వాడు తెల్లవారుజామునే లారీలు దింపడానికి వెళ్తున్నాడు. వెళ్లేముందు పరగడుపున మూడు మాత్రలు. గంటలో వికారం మొదలు. పైన బస్తా, చుట్టూ ఘాటు, కడుపులో తిప్పుడు. ఒకరోజు టిక్కీ వదిలేసి పక్కకెళ్లి కక్కుకున్నాడు, ముఠాలో నవ్వారు, మేస్త్రీ ఒంట్లో బాగోకపోతే ఇంట్లో కూర్చోమన్నాడు. మర్నాటి నుంచి మాత్రలు కాలవలోకి. ఈ సంగతి డాక్టరుకి చెప్పలేదు, నాకు చెప్పలేదు. అన్న రెండు మాటల్లో రాబట్టాడు, ఎందుకంటే పరగడుపున మాత్రలేసుకుని గతుకుల రోడ్డు మీద ఆటో తోలినవాడాయన.

పరిష్కారం ఆయన సొంతంగా చెప్పలేదు, అది కూడా రాయాలి. మర్నాడు వాణ్ణి వెంటబెట్టుకుని కేంద్రానికి వెళ్లి డాక్టరు ముందు కూర్చోబెట్టి, జరిగింది వాడి చేతే చెప్పించాడు. డాక్టరు అరవలేదు. రక్తపరీక్ష రాశారు, కాలేయం బాగానే ఉందని తేలాక మాత్రలు రాత్రి పడుకునే ముందుకు మార్చారు. మానేసిన రోజులు చివర్లో కలుపుతామన్నారు. అంతే. రాత్రి వికారం నిద్రలో పోయేది. ఆ తర్వాత అన్న పొద్దున్నే మెసేజ్ పెట్టేవాడు, ఒకే ఒక్క మాట: "రంగు?" వీడు నారింజ పండు బొమ్మ పంపేవాడు. ఇదొక పరీక్ష అనుకుని మీరు ఇంట్లో మొదలుపెట్టకండి, నీళ్లు ఎక్కువ తాగితే రంగు పల్చబడుతుంది, వేళల్ని బట్టి మారుతుంది. అన్నే చెప్పాడు, రంగు చూసి దొంగని పట్టుకోలేం, మాట మొదలుపెట్టడానికి మాత్రం పనికొస్తుందని.

మాత్రలు మింగుతున్నారో లేదో కనిపెట్టడానికి ఈ కార్యక్రమంలో చాలా ఉపాయాలు చేశారు. ఒకప్పుడు మాత్రల అట్టకి అట్టకవరు తొడిగేవాళ్లు, మాత్ర పైకి తీస్తే కింద దాక్కున్న ఫోన్ నంబరు కనపడేది, దానికి మిస్డ్ కాల్ ఇస్తే వేసుకున్నట్టు లెక్క. 99డాట్స్ అనేవారు. లైటు వెలిగే, మూత తీస్తే అదే లెక్క రాసుకునే మందుల డబ్బా కూడా ఉంది. వీటిని తీసిపారేయను, మరిచిపోయేవాళ్లకి ఇవి బాగా పనికొస్తాయి. కానీ మా వాడు మరిచిపోలేదు. మాత్ర తీసి, ఫోన్ చేసి, కాలవలో పడేసేవాడే. డబ్బా తెరిచిందీ లేనిదీ మిషను చెబుతుంది, తెరిచి ఏం చేశాడన్నది మనిషికే చెబుతాడు, అదీ తిట్టడని నమ్మితేనే. ఈ సేవలో నేను డబ్బులిచ్చయినా కొనుక్కునేది ఏదైనా ఉందంటే ఇదే.

తాగుడు గురించి కూడా చెప్పాలి. సీజన్లో ముఠా అంతా పని దిగాక క్వార్టరు పంచుకోవడం మామూలు. ఈ మందులతో తాగితే కాలేయానికి దెబ్బ అని అందరూ చెప్పారు. అన్న వాడికి చెప్పడంతో ఆగకుండా మేస్త్రీని కలిశాడు. జబ్బు పేరెత్తకుండా "మా వాడికి కామెర్ల మందు వాడుతున్నాం, బలవంతపెట్టొద్దు" అన్నాడట. అబద్ధమే. టీబీ అని చెబితే ముఠాలోంచి తీసేస్తారని మా వాడి భయం, కామెర్లంటే గుంటూరులో అందరూ తాగమని అడగడం మానేస్తారు. ఇది ఏ శిక్షణలోనూ నేర్పి ఉండరు.

ఇక డబ్బు సంగతి. నిక్షయ్ పోషణ్ యోజన కింద మందులు వాడినన్నాళ్లూ తిండికి నెలకి 1000 రూపాయలు బ్యాంకులో పడతాయి. 2018లో మొదలుపెట్టినప్పుడు 500 ఉండేది, 2024 నవంబర్ నుంచి పెంచారు. మా వాడికి ఎంతకీ పడలేదు. ఖాతాకి ఆధార్ జోడింపు సరిగ్గా లేదని అన్నే కనిపెట్టి, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో చెప్పాడు. పడ్డాక గుడ్లు, వేరుశనగ, పాలు. ఇది పేషెంట్లని బుజ్జగించే సొమ్మని నేననుకున్నా. జార్ఖండ్‌లో టీబీ పేషెంట్ల ఇళ్లలో మిగతావాళ్లకి మంచి తిండి సరుకులు ఇస్తే వాళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గిందని 2023లో లాన్సెట్‌లో వచ్చిందని మా అమ్మాయి చూపించింది. అందుకే గుడ్లు వాడొక్కడికే ఉడకబెట్టడం మానేసి ఇంటిల్లిపాదికీ పెట్టాం.

ఇప్పుడు మార్కులు ఎక్కడ పోయాయో చెబుతా.

నెలకోసారి కేంద్రంలో పేషెంట్లందరికీ మీటింగు పెడతారు. పనిదినం, పొద్దున పదకొండింటికి. కూలికెళ్లేవాడు ఆ పూట పని పోగొట్టుకుని వస్తాడా? రారు. వచ్చేది ముసలివాళ్లు, ఇంట్లో ఉండే ఆడవాళ్లు, నాలాగా పేషెంటు బదులు వచ్చే అక్కలు. నేను వెళ్లినప్పుడు అన్న బేరం మీద తెనాలి వెళ్లాడు. ఆయన బదులు మాట్లాడింది ఒక కుర్రాడు, జబ్బు తగ్గి ఎంతో కాలం కాలేదు, ఉత్సాహం చాలా ఉంది. పూలు కట్టే ఒకావిడ, యాభై దాటి ఉంటాయి, "ఎర్ర దారం, పచ్చ దారం ఒకేలా అగపడతన్నాయి బాబూ" అంది. ఆ అబ్బాయి వెంటనే "బలహీనత అమ్మా, నాక్కూడా కళ్లు తిరిగేవి, తగ్గిపోద్ది" అన్నాడు. కళ్లు తిరగడం వేరు, రంగులు కలిసిపోవడం వేరు. ఈ మందుల్లో ఇథాంబ్యుటాల్ అనేది కంటి నరాన్ని తాకొచ్చు, అన్న మడిచిన నాలుగు వేళ్లలో ఒకటి అదే. నేను లేచి ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లా. డాక్టరు ఆ మందు ఆపి కంటి పరీక్షకి పంపారు.

ఆ కుర్రాణ్ణి నేను తప్పుబట్టను, అతనికి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. కానీ ఈ సేవలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. జబ్బు పడి లేచినవాడి మాటకి బలం ఎక్కువ, మనం డాక్టరు మాట కన్నా ముందు నమ్మేస్తాం. "నాకూ అయింది, తగ్గిపోయింది" అనే మాట వికారం దగ్గర ఊరటనిస్తుంది, కంటి దగ్గర కొంప ముంచుతుంది. ఏది చెప్పకూడదో నేర్పకుండా ఎవర్నీ ఈ పనిలోకి దింపకూడదు.

ఆడవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. మా వైపు తిరిగేవాళ్లంతా మగవాళ్లు. ఒక ఆడమనిషి ఉందట గానీ ఆమెది ఊరి అవతలి వైపు, ఎక్కే బస్సు ఎక్కి దిగే బస్సు దిగి రావాలి. ఆ మీటింగులోనే కొత్తగా పెళ్లయిన పిల్ల ఒకతి అత్తగారి పక్కన బొమ్మలా కూర్చుంది. బయటికొచ్చాక నన్ను పక్కకి పిలిచి అడిగింది: "అక్కా, నేను పిల్లలు పుట్టకుండా మాత్రలు వాడతన్నా, ఈ మందులతో వాడొచ్చా?" రిఫాంపిసిన్ వాడుతుంటే ఆ మాత్రలు సరిగ్గా పనిచేయవు. మా అమ్మాయిని ఫోన్లో కనుక్కుని, వేరే పద్ధతి ఏదో ఏఎన్‌ఎమ్మునో డాక్టరునో అడగమని చెప్పా. ఆ పిల్ల ఈ ప్రశ్న ఆటో అన్నని అడుగుతుందా? ఆయనెంత మంచివాడైనా అడగదు. ఇది గుంటూరు.

ఆనందపేట, పాత గుంటూరు వైపు నుంచి వచ్చేవాళ్లలో ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు చాలామంది. ముసలమ్మలకి తెలుగు అర్థమవుతుంది గానీ ఒంట్లో బాధ చెప్పుకోవాలంటే ఉర్దూయే రావాలి. అన్నకి ఆటో ఉర్దూ వచ్చు, దానితో నెట్టుకొస్తున్నాడు.

వాట్సాప్ గ్రూపు ఒకటి పెట్టారు. అందులో ఉన్న ప్రతివాళ్ల నంబరూ ప్రతివాళ్లకీ కనపడుతుంది. నా కస్టమరు ఒకావిడ అందులో ఉంది. ఆవిడ కూడా నన్ను చూసే ఉంటుంది. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు, ఆవిడ మాత్రం ఆ నెల జాకెట్లు ఇంకెక్కడో కుట్టించుకుంది. టీబీ అని ఇంట్లో కూడా చెప్పుకోలేనివాళ్లుంటారు, వాళ్లని అందరికీ చూపించే గ్రూపులో కలిపేముందు అడగాలి కదా. పైగా పొద్దున గుడ్‌మార్నింగులు, మధ్యాహ్నం ఉల్లిపాయ రసంతో ఊపిరితిత్తులు కడిగే చిట్కాలు. వాటిని తీసేసే నాథుడు లేడు.

ఆటో అన్నకి దీని మీద జీతం లేదు. దారి ఖర్చులు ఇస్తామన్నారట, అవి వచ్చినప్పుడు వస్తాయి. ఒక పేషెంటు కోసం యార్డు దాకా ఖాళీగా వెళ్లి రావడమంటే ఒక బేరం పోయినట్టు. నేను డబ్బులివ్వబోతే తీసుకోలేదు, వాళ్లావిడ జాకెట్లు రెండు కుట్టిపెడితే తీసుకున్నాడు. ఆయన చేసే పనికి ఎవరో ఒకరు సరైన డబ్బులివ్వాలి. మంచితనం మీద నడిపిస్తే ఆయన తమ్ముడి పెళ్లికి ఊరెళ్లిన వారం ఇరవైమందికి ఫోన్ చేసేవాడు లేకుండా పోయాడు, అంతే జరుగుతుంది.

ఎవరికి పనికొస్తుంది అంటే, మందులు మొదలుపెట్టి ఒళ్లు తేలికపడి పనిలోకి దిగేవాళ్లకి తప్పకుండా. ఒంటరిగా గదిలో ఉండి పనిచేసుకునేవాళ్లకి ఇంకా. మామూలు మందులకి లొంగని మొండి టీబీ ఉన్నవాళ్లకి మాత్రం అదే రకం జబ్బు వచ్చి తగ్గినవాళ్లని అడగండి, మందులు వేరు, బాధలు వేరు. ప్రైవేటు డాక్టరు దగ్గర వాడేవాళ్లు కూడా అడగొచ్చు. ప్రైవేటులో టీబీ కేసు చూసినా సర్కారుకి చెప్పి తీరాలన్నది రూలు, పేరు నమోదైతే ఆ 1000 రూపాయలు వాళ్లకీ వస్తాయి. కావాలంటే మీ ఆరోగ్య కేంద్రంలో టీబీ సూపర్‌వైజర్‌ని అడగండి, లేదా నిక్షయ్ సంపర్క్ 1800-11-6666కి ఫోన్ చేయండి, ఫ్రీ నంబరే. ఆడవాళ్లయితే ఆడమనిషి నంబరే కావాలని మొహమాటం లేకుండా చెప్పండి. మా ఆటో అన్నే మీకు తగిలితే ఆయన కుడి చేతి వైపు కూర్చుని మాట్లాడండి.

మా వాడికి జూన్‌లో చివరి గళ్ల పరీక్ష అయింది, ఏమీ లేదన్నారు. బరువు 56. పాత ప్యాంట్లన్నీ నడుము విప్పి మళ్లీ కుట్టా.

తర్వాత కలిపింది: మీటింగు ఆదివారం సాయంత్రానికి మార్చమని నేనూ, ఇంకో ఇద్దరూ కాగితం రాసిచ్చాం. ఆదివారం కేంద్రం తెరవరట, శనివారం సాయంత్రం ఐదింటికి పెట్టారు. పోయినసారి యార్డు వాళ్లు ముగ్గురు వచ్చారని అన్న చెప్పాడు. వాట్సాప్ గ్రూపు అలాగే ఉంది, నేను బయటికొచ్చేశా.